నిదానానికీ ఆలస్యానికీ మధ్య

మన పెద్దలు మనకు రెండు సామెతలను వారసత్వంగా ఇచ్చారు. ఒకటి "నిదానమే ప్రధానము". రెండవది "ఆలస్యం అమృతం విషం". పైకి చూడగా ఈ రెండూ ఒకదానినొకటి ఖండించుకొనేవిగా తోచవచ్చు. కాని ఏ పనిలో ఎంతవరకు నిదానము, ఎక్కడ నుండి ఆలస్యము అన్నది తేల్చుకొనుటయే వివేకమని మా అభిప్రాయము. ఈ వివేకము మనుష్యులకే కాదు, గోరంత సిలికాను ముక్కకు కూడా కావలెనని మాకు ప్రయోగశాలలో తెలిసి వచ్చింది. ఆ ముక్క పేరు కంపారేటరు. దానికి మనము నేర్పవలసిన నిదానము పేరు హిస్టరిసిస్. మేము, అనగా మా కళాశాలలోని ఉర్దూ, తెలుగు శాఖల మిత్రులము కొందరము, ఈ సంవత్సరము దానితో చేసిన పరిశ్రమను విద్యార్థి మిత్రుల ముందు, కమిటీ పెద్దల ముందు ఉంచుతున్నాము.

కంపారేటరు చేసే పని చెప్పుటకు మిక్కిలి సులభము. దానికి రెండు ప్రవేశ ద్వారాలు ఉంటాయి. ఒక దానిలో మనము నిర్ణయించిన వోల్టేజిని, రెండవ దానిలో బయటి నుండి వచ్చే వోల్టేజిని ఇస్తాము. ఏది పెద్దదో అది చెప్పుతుంది. "అవును" లేక "కాదు". మూడవ మాట లేదు. ఇంత సులభమైన తీర్పులో కష్టమెక్కడ ఉన్నది? వచ్చిన వోల్టేజి నిర్ణీత మట్టమునకు సరిగా సమానముగా ఉన్న క్షణములో ఉన్నది. ప్రతి విద్యుత్ సంకేతముతోనూ కొంత రొద కలిసే వస్తుంది. ఆ రొద వలన వోల్టేజి మట్టమునకు ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి ఊగుతుంది. అప్పుడు కంపారేటరు "అవును, కాదు, అవును, కాదు" అని తడబడుతుంది. గడప మీద నిలబడి లోపలికి ఒక అడుగు, బయటికి ఒక అడుగు వేసే మనిషి వంటిది దాని స్థితి.

దీనికి విరుగుడు మన ఇండ్ల మీద ఉండే నీళ్ళ ట్యాంకులోనే కలదు. ట్యాంకులో నీరు అడుగంటగానే మోటారు నడుస్తుంది, నిండగానే ఆగుతుంది. ఈ రెండు మట్టములకూ మధ్య ఎంతో ఎడము ఉన్నది. రెండింటికీ ఒకే మట్టము పెట్టినచో, ఒక చెంబు నీరు ముంచినా మోటారు నడుచును, మరుక్షణమే ఆగును. స్టార్టరు టకటకలాడి నాలుగు రోజులలో కాలిపోవును. కంపారేటరుకు కూడా పైకి పోయేటప్పుడు ఒక మట్టము, క్రిందికి వచ్చేటప్పుడు దానికంటె తక్కువైన మరొక మట్టము పెట్టవలెను. ఈ రెండు మట్టముల నడుమనున్న ఎడమే హిస్టరిసిస్. వెనుకబడుట అనే అర్థము గల గ్రీకు మూలము నుండి ఈ పదము వచ్చింది. ఇనుమును అయస్కాంతముగా మార్చేటప్పుడు కనిపించే వెనుకబాటుకు జేమ్స్ ఆల్ఫ్రెడ్ ఈవింగ్ అనే శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్ది చివరి భాగములో ఈ పేరు పెట్టాడు.

ఎలక్ట్రానిక్ వలయములో దీనిని మొదట ప్రవేశపెట్టినది ఒక విద్యార్థియే. 1934లో అమెరికాలో ఓటో ష్మిట్ పరిశోధక విద్యార్థిగా ఉండి, స్క్విడ్ అనే సముద్రజీవి నరములలో సంకేతములు నడిచే తీరును అధ్యయనము చేస్తూ, దానినుండి స్ఫూర్తి పొంది వాక్యూమ్ ట్యూబులతో ఒక వలయమును నిర్మించాడు. 1938లో దానిని ప్రకటించాడు. నేటికీ అది ష్మిట్ ట్రిగ్గర్ అనే పేరుతోనే వ్యవహరింపబడుతున్నది. మన హైదరాబాదులో 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపితమైంది. దానికి ఆదినుండి సారథ్యము వహించిన డాక్టర్ ఎ. ఎస్. రావు మన తెలుగువారు. అక్కడ తయారైన అణు పరికరముల వంటి వాటిలో ఒక్కొక్క రేణువు పుట్టించే చిన్న పల్సును రొద నుండి వేరుచేసి లెక్కించుటకు ఈ మట్టపు తీర్పే ఆధారము. కాబట్టి ఈ విషయము మన నేలకు క్రొత్తది కాదు.

ఇంతకూ మా ప్రాంతములో దీని అవసరమేమి? గద్వాల కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో ఉన్నది. వనపర్తి, నాగర్‌కర్నూలు దాని పొరుగున ఉన్నాయి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఈ మూడు పట్టణములూ 2016 అక్టోబరులో జిల్లా కేంద్రములైనాయి. ఎత్తిపోతల ద్వారా కృష్ణా జలములు కొన్ని గ్రామములకు చేరినా, కాలువ అందని చేలకు బోరుబావే దిక్కు. మాది నల్లరాతి నేల. నీరు రాతి పగుళ్ళలో దొరుకుతుంది కావున బోరు లోతుగా వేయవలసి వస్తుంది. ఆ లోతులో సబ్‌మెర్సిబుల్ మోటారు, దానిని మోసే పైపులు, వాటి వెంట దిగే కేబులు ఉంటాయి. ఒకనాడు మోటారు ఆగిపోతుంది. మెగ్గర్ పెట్టి చూచిన మెకానిక్కు కేబులులో ఎక్కడో లీకు ఉన్నదని చెప్పగలడు. ఎక్కడ ఉన్నదో చెప్పలేడు. అప్పుడు ముక్కాలి నాటి, చైన్ పుల్లీ కట్టి, కూలీలను పిలిచి, ఒక్కొక్క పైపూ పైకి లాగవలెను. ఎండుతున్న వరి మడి దగ్గర ఆ రెండు రోజులు రెండు నెలలుగా గడుస్తాయి.

కేబులులోకి చిన్న పల్సును పంపినచో, లోపమున్న చోట కొంత భాగము తిరిగి వస్తుంది. బావిలోకి కేక వేస్తే ప్రతిధ్వని వచ్చినట్లే. తెగిన చోట పంపిన పల్సు అదే రూపములో మరలివస్తుంది. నీరు చేరి లీకైన చోట తలక్రిందులై వస్తుంది. వెళ్ళి రావడానికి పట్టిన కాలమును కొలిచినచో లోతు తెలుస్తుంది. పి.వి.సి. తొడుగు గల కేబులులో పల్సు కాంతి వేగములో ఇంచుమించు సగము వేగముతో నడుస్తుంది. నానోసెకండుకు సుమారు 16 సెంటీమీటర్లు అనుకొందము. రాకపోకలు రెండూ కలిపి చూచుకొంటే ఒక మీటరు లోతుకు సుమారు 12.5 నానోసెకండ్లు. తిరిగి వచ్చిన పల్సు వచ్చిన క్షణమును పట్టి ఇచ్చేది కంపారేటరే. మేము చేయబూనిన పరికరము ఇదే.

ఇక్కడ వేగము ప్రశ్న వచ్చింది. ప్రయోగశాలలలో తరచు దొరికే ఎల్‌ఎం 339 మారుటకు 1.3 మైక్రోసెకండ్లు తీసుకొంటుంది. ఆ కాలములో మా పల్సు 100 మీటర్ల బోరు అడుగు ముట్టి తిరిగి వస్తుంది! ఎల్‌ఎం 311కు 200 నానోసెకండ్లు. అది 16 మీటర్లకు సమానము. ఆ కాలము ప్రతిసారీ ఒకేలాగున ఉంటే తీసివేసుకోవచ్చును. కాని సంకేతము మట్టమును ఎంత బలముగా దాటినదన్న దానిని బట్టి అది మారుతుంది. కావున మేము 4.5 నానోసెకండ్లలో తీర్పు చెప్పే టిఎల్‌వి 3501ను ఎన్నుకొన్నాము.

అయితే వేగము కూడా ఒక బరువే. మెల్లని కంపారేటరు చిన్న చిన్న ఊగులాటలను గమనించకనే గడిపివేస్తుంది. చురుకైనది ప్రతి ఊగులాటకూ బదులు చెప్పుతుంది. పొడవైన కేబులులో నడిచిన పల్సు అంచు కరిగి వాలుగా మారుతుంది. ఆ వాలు నానోసెకండుకు అర మిల్లీవోల్టు, రొద 10 మిల్లీవోల్టులు అనుకొందము. అప్పుడు సంకేతము రొద పట్టీని దాటుటకు 20 నానోసెకండ్లు పడుతుంది. ఆ వ్యవధిలో 4.5 నానోసెకండ్ల కంపారేటరు ఎన్నోసార్లు అటూ ఇటూ మారగలదు. మేము హిస్టరిసిస్‌ను కనిష్ఠముగా ఉంచి, పొడవైన కేబులు చివర ఒకే ఒక జాయింటు పెట్టి చూచాము. పరికరము అక్కడ మూడు నాలుగు జాయింట్లున్నట్లు చూపింది. నిదానము లేని చురుకుదనము ఒక నిజమును నాలుగు అబద్ధములుగా చేస్తుంది.

తరువాత బుద్ధిపూర్వకముగానే హిస్టరిసిస్‌ను బాగా పెంచి చూచాము. తడబాటు పూర్తిగా పోయింది. కాని రెండు క్రొత్త చిక్కులు వచ్చాయి. మొదటిది కాలము. ఎడము పెరిగినకొలదీ ఎగువ మట్టము పైకి జరుగుతుంది; సంకేతము అక్కడికి ఎక్కుటకు అదనపు కాలము పడుతుంది. ఎగువ మట్టము 10 మిల్లీవోల్టులు జరిగితే, పైన చెప్పిన వాలు మీద 20 నానోసెకండ్లు, అనగా 1.6 మీటర్ల తేడా. నిటారైన అంచు మీద, అనగా నానోసెకండుకు 5 మిల్లీవోల్టుల వాలు మీద, అదే మార్పుకు తేడా 16 సెంటీమీటర్లే. రెండవ చిక్కు ఇంకా పెద్దది. మొదటి ప్రతిధ్వని తోక పూర్తిగా దిగకముందే రెండవది వస్తే, వోల్టేజి దిగువ మట్టమును చేరదు. కంపారేటరు మొదటి "అవును"లోనే ఉండిపోతుంది. రెండవ జాయింటు దాని లెక్కలోకే రాదు. ఆలస్యము విషమగుట అంటే ఇదే.

కాబట్టి సరియైన విలువకు క్రింద ఒక హద్దు, పైన ఒక హద్దు ఉన్నాయి. ఉదాహరణకు రొద శిఖరము నుండి లోయకు 10 మిల్లీవోల్టులు. ఎగువ మట్టము 30 మిల్లీవోల్టులు. మొదటి ప్రతిధ్వని తోక 15 మిల్లీవోల్టుల వద్ద కొంతసేపు నిలుస్తుంది. తోక దిగువ మట్టము క్రిందికి రావలెనంటే ఆ మట్టము 15 కంటె ఎక్కువగా ఉండవలె; అనగా ఎడము 15 కంటె తక్కువ కావలె. రొదను ఓర్చుకొనుటకు ఎడము 10 కంటె ఎక్కువ కావలె. మిగిలిన సందు 10కి 15కి నడుమ. మేము 12కు దగ్గరగా ఉండే విలువను కోరుకొన్నాము.

ఈ ఎడమును రెండు రెసిస్టర్లతో తేవచ్చును. సంకేతమును కంపారేటరు రుణ ద్వారమునకు ఇచ్చి, ధన ద్వారమునకు నిర్ణీత వోల్టేజిని ఒక రెసిస్టరు ద్వారా ఇచ్చి, ఫలితము నుండి మరొక పెద్ద రెసిస్టరును ధన ద్వారమునకు కలపవలెను. ఫలితములో కొంత వంతు తిరిగి వచ్చి తన తీర్పును తానే బలపరుస్తుంది. ఫలితము ఊగే వోల్టేజిని చిన్న రెసిస్టరుతో గుణించి, రెండు రెసిస్టర్ల మొత్తముతో భాగించగా ఎడము వస్తుంది. అయితే ఇక్కడ ఒక మెలకువ కలదు. మేము వాడిన టిఎల్‌వి 3501లో తయారీలోనే 6 మిల్లీవోల్టుల హిస్టరిసిస్ ఉన్నది. కాబట్టి బయట నుండి కలుపవలసినది మిగిలిన 6 మాత్రమే. 5 వోల్టుల సరఫరాకు, చిన్న రెసిస్టరు 100 ఓంలు, పెద్దది 82 కిలో ఓంలు పెట్టగా 6.1 మిల్లీవోల్టులు వస్తుంది. మొత్తము 12.1. కొన్ని కంపారేటర్లలో దీనికొరకు ప్రత్యేకముగా ఒక కాలు ఉంటుంది; ఎడిసిఎంపి 601 అటువంటిది. ఆ కాలి నుండి భూమికి పెట్టే రెసిస్టరు తగ్గినకొలదీ ఎడము పెరుగుతుంది.

చిన్న రెసిస్టరుకు 100 ఓంలే ఎందుకు, కిలో ఓంలు కాకూడదా అని అడుగవచ్చును. నిష్పత్తి ఒక్కటే అయినా ఫలితము ఒక్కటి కాదు. కంపారేటరు ద్వారము దగ్గర కొద్ది పికోఫారడుల కెపాసిటన్సు ఎప్పుడూ ఉంటుంది. ఒక కిలో ఓము, 3 పికోఫారడులు కలిసి 3 నానోసెకండ్ల జాప్యము చేస్తాయి. 100 ఓంలైతే 0.3 మాత్రమే. తీర్పును బలపరచవలసిన సాయము ఆలస్యముగా వస్తే, అది చేరేలోపే కంపారేటరు మరలా తడబడుతుంది. ఈ కారణము చేతనే, సరియైన విలువను వెదకుటకు ప్రీసెట్‌ను వాడినా, విలువ దొరికిన వెంటనే దానిని తీసివేసి, కాళ్ళకు అతి దగ్గరగా స్థిరమైన రెసిస్టరును టంకము వేశాము. ఎడము మార్చిన ప్రతిసారీ ఎగువ మట్టము జరుగుతుంది కనుక నిర్ణీత వోల్టేజిని తగ్గించి, దానిని తిరిగి 30కి తెచ్చి, 30 మీటర్లుగా టేపుతో కొలిచిన కేబులు మీద సరిచూచుకొన్నాము.

ఇంకొక మాట. హిస్టరిసిస్ మందే కాని, అన్ని రోగములకూ మందు కాదు. సరఫరా కాలి దగ్గర 0.1 మైక్రోఫారడు కెపాసిటరు లేకపోయినా, బోర్డు మీద భూమి రేకు తెగి ఉన్నా, కంపారేటరు తన కుదుపులను తానే విని ఊగుతుంది. అది బయటి రొద కాదు, ఇంటిలోని రొద. ఎడమును పెంచి దానిని కప్పిపుచ్చవచ్చును. కాని అట్లు చేస్తే, లోపము దాగును, జాయింటు కూడా దాగును. మొదట ఇల్లు చక్కబెట్టుకొని, మిగిలిన రొదకు మాత్రమే ఎడము కొలవవలెను.

ఆ మిగిలిన రొదను ఎక్కడ కొలవవలె? ప్రయోగశాలలోనా, చేనిలోనా? ప్రయోగశాలలో అది చేనిలో ఉన్నదానికి సగము కూడా లేదు. చేనిలో పొరుగు మోటార్లు నడుస్తుంటాయి. తలపై మూడు ఫేజుల తీగలు పోతుంటాయి. బోరు కేబులు పొడవాటి ఏరియలువలె అన్నిటినీ పట్టుకొంటుంది. మేము పైన ఉదాహరణగా తీసుకొన్న 10 మిల్లీవోల్టులు నాగర్‌కర్నూలు వైపు ఒక గ్రామములో, ఒక రైతు బోరు దగ్గర మా ఆసిలోస్కోపు చూపిన విలువయే. ఫ్యూజులు ఊడదీసి, స్టార్టరు నుండి కేబులు విప్పిన పిమ్మటనే పరికరమును తగిలించాము. ఆ రైతు మా పెట్టెను అటు ఇటు తిప్పి చూచాడు.

"ఏం బిడ్డా, మోటరు తియ్యకుంటనే ఏడ ఖరాబయిందో చెప్తదా ఇది?"

"చెప్తుంది మామా. ముందుగా మీ తీగ ఎంత రొద చేస్తుందో దానికి వినిపించాలె" అన్నాడు మా ఉర్దూ శాఖ మిత్రుడు.

పల్సును తలక్రిందులు చేసి పంపితే లీకు నిలువుగా మరలివస్తుంది. మొదట 12 మీటర్ల దగ్గర, బోరు మూతి వద్దనున్న పాత జాయింటు కనిపించింది. దాని తోక వెనుకనే 53 మీటర్ల దగ్గర మరొకటి. పోల్చి చూచుటకు 20 మిల్లీవోల్టుల ఎడముతో మరల కొలిచినప్పుడు రెండవది మాయమైంది. 12కు తేగానే తిరిగి వచ్చింది. స్టార్టరు నుండి బోరు మూతికి గల 12 మీటర్లు తీసివేయగా 41 మీటర్లు. పైపు ఒక్కొక్కటి 20 అడుగులు. కాబట్టి లోపము ఏడవ పైపు దగ్గర. ఆ బోరులో 16 పైపులున్నాయి. ఏడు లాగగానే టేపు ఊడి నీరు త్రాగిన జాయింటు బయటపడింది. దానిని అక్కడనే బాగుచేసి, తిరిగి దించారు. మిగిలిన తొమ్మిది పైపులను విప్పవలసిన పని లేకపోయింది. ప్రొద్దు గూకకముందే మడిలో నీరు పారింది.

కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. ఈ పనికి కావలసిన కంపారేటరు, రెసిస్టర్లు ఖరీదైనవి కావు. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీకి ఒకసారి పోయి వస్తే రెసిస్టర్లు, కెపాసిటర్లు అన్నీ దొరుకుతాయి. ఖరీదైనది రొదను చూపే కన్ను. మేము వాడిన ఆసిలోస్కోపు ఇతరుల దగ్గర ఎరువు తెచ్చినది, తిరిగి ఇచ్చివేశాము. 100 మెగాహెర్ట్జ్ వరకు చూడగల డిజిటల్ ఆసిలోస్కోపు ఒకటి మా ప్రయోగశాలకు ఇప్పించినచో, ఒక్కొక్క బోరు రొదకు తగిన ఎడమును కొలిచి పెట్టుట సాధ్యమగును. 82 కిలో ఓంలు ఒక బోరుకు సరిపోయిన విలువ మాత్రమే. పొరుగు చేనికి అది సరిపోవలెనని లేదు. విద్యార్థి మిత్రులకు కూడా ఇదే చెప్పదలచాము. విలువను వ్రాసుకొనకండి, విలువను కనుగొనే తీరును వ్రాసుకొనండి. ముందు రొదను కొలవండి. దానికంటె కొంచెము ఎక్కువగా, వినవలసిన చిన్న మాటకంటె తక్కువగా నిదానమును అమర్చండి. ఆ తీరును ఉర్దూలోను, తెలుగులోను వ్రాసి ప్రయోగశాల గోడకు అంటించాము. రాబోయే సంవత్సరపు విద్యార్థులు దానిని సరిచూచి, తప్పున్నచో దిద్దగలరని ఆశిస్తున్నాము.